'సొంత ఇష్టం'తో చదువు మానేసిన 13,626 మంది

2023 డిసెంబరులో లోక్‌సభలో ఒక ప్రశ్న వచ్చింది. గడచిన ఐదేళ్లలో కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి ఎంతమంది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు చదువు మధ్యలో మానేశారన్నది ఆ ప్రశ్న. అప్పటి కేంద్ర విద్యాశాఖ సహాయమంత్రి సుభాష్ సర్కార్ ఇచ్చిన జవాబులోని అంకెలన్నీ కూడితే 13,626 మంది తేలారు. అంటే సగటున రోజుకు ఏడుగురికి పైగా వెళ్లిపోయారు. ఎందుకు వెళ్లారన్నదానికి కూడా ప్రభుత్వం జవాబిచ్చింది. విద్యార్థుల ముందు చాలా అవకాశాలున్నాయట. తమకు నచ్చిన వేరే సంస్థలోనో, వేరే విభాగంలోనో సీటు రావడం వల్ల, లేదా వ్యక్తిగత కారణాల వల్ల ఎక్కువమంది వెళ్తున్నారట.

ఈ జవాబులో ఉన్న 'ఇష్టం' అనే మాట దగ్గర మనం ఆగాలి. యూనివర్సిటీ వదిలి మరో దారి పట్టడం తప్పు కాదు. కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చిందని ఎం.ఏ. వదిలేసిన పిల్లవాడు, డీఎస్సీలో టీచర్ పోస్టు వచ్చిందని పీహెచ్‌డీ ఆపేసిన అమ్మాయి మన వాడల్లో ప్రతిచోటా కనిపిస్తారు. ఆ ఇంట్లో మొదటి ప్రభుత్వ జీతం అదే అయినప్పుడు ఆ నిర్ణయాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఒకరు చదువు మానేయడాన్ని నిర్ణయం అనాలంటే, ఆ సమయంలో వారి చేతిలో మూడు ఉండాలి. తన సర్టిఫికెట్లు, కొన్ని నెలలు బతకడానికి డబ్బు, మళ్లీ వద్దామనుకుంటే రావడానికి దారి. ఈ మూడూ లేకుండా బయటికి నడిచినవారిని 'సొంత ఇష్టం' ఖాతాలో రాయడం అబద్ధం.

అంకెలను విడదీసి చూస్తే

మంత్రి ఇచ్చిన లెక్క ప్రకారం కేంద్రీయ విశ్వవిద్యాలయాల నుంచి 4,596 మంది ఓబీసీ, 2,424 మంది ఎస్సీ, 2,622 మంది ఎస్టీ విద్యార్థులు మానేశారు. ఐఐటీల నుంచి 2,066 మంది ఓబీసీ, 1,068 మంది ఎస్సీ, 408 మంది ఎస్టీ విద్యార్థులు. ఐఐఎంల నుంచి 163 మంది ఓబీసీ, 188 మంది ఎస్సీ, 91 మంది ఎస్టీ విద్యార్థులు.

మొత్తం సంఖ్య దగ్గరే ఆగిపోవద్దు. లోపల ఉన్న రెండు విషయాలు చూడండి. కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్సీల రిజర్వేషన్ 15 శాతం, ఎస్టీలది 7.5 శాతం. అంటే ఎస్టీల సీట్లు సగమే. అయినా కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో మానేసినవారిలో ఎస్సీల కంటే ఎస్టీలే ఎక్కువ. ఈశాన్య రాష్ట్రాల్లోని కేంద్రీయ వర్సిటీల్లో ఆదివాసీ విద్యార్థులు ఎక్కువగా చదువుతారు కాబట్టి ఈ తేడాలో కొంత భాగం అక్కడి నుంచి రావచ్చు. ఎంత భాగమో తేల్చాలంటే వర్సిటీల వారీ లెక్క ముందు పెట్టాలి. ఇక ఐఐఎంలలో ఓబీసీల రిజర్వేషన్ 27 శాతం, ఎస్సీలది 15 శాతం. మానేసినవారిలో మాత్రం ఓబీసీల కంటే ఎస్సీలే ఎక్కువ. పెద్ద ఐఐఎంలలో రెండేళ్ల కోర్సు ఫీజు 20 లక్షలు దాటుతుంది. మంచి సీటు వేరేచోట రావడమే కారణమైతే, అది ఒక కులం వాళ్లకే ఎక్కువగా ఎందుకు వస్తున్నట్టు?

ఇంకో మాట. ఈ 13,626లో ఉస్మానియా లేదు, కాకతీయ లేదు, ఆంధ్రా వర్సిటీ లేదు, శ్రీ వేంకటేశ్వర లేదు. మన పిల్లల్లో ఎక్కువమంది చదివేది రాష్ట్ర వర్సిటీల్లో, వాటికి అనుబంధంగా ఉన్న ప్రైవేటు డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీల్లో. 2021-22 ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో 66 లక్షలకు పైగా ఎస్సీ విద్యార్థులు ఉన్నత విద్యలో ఉన్నారు. లోపలికి వచ్చినవారిని ఏటా లెక్కపెట్టి గొప్పగా చెప్పుకునే ప్రభుత్వం, బయటికి వెళ్లినవారి లెక్కను ఎంపీ ఎవరైనా అడిగితేనే చెబుతోంది.

ఏ కారణాన్ని 'వ్యక్తిగతం' అంటున్నారు

2024లో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాకు చెందిన ఒక దళిత యువకుడికి ధన్‌బాద్ ఐఐటీలో సీటు వచ్చింది. తండ్రి దినకూలీ. సీటు ఖాయం చేసుకోవడానికి 17,500 రూపాయలు కట్టాలి. ఊరంతా తిరిగి కూడబెట్టేసరికి గడువు దాటిపోయింది, సీటు పోయింది. ఆ కుటుంబం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2024 సెప్టెంబరు 30న కోర్టు రాజ్యాంగంలోని 142వ అధికరణాన్ని ఉపయోగించి అతనికి ప్రవేశం ఇవ్వమని ఆదేశించింది. కోర్టుకు వెళ్లకపోయి ఉంటే? 'విద్యార్థి చేరలేదు' అని ఒక్క ముక్క రాసి ఫైలు మూసేసేవారు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఐఐటీల్లో ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ ఉన్న రోజుల్లోనే ఇది జరిగింది. ట్యూషన్ ఫీజు ఒక్కటే చదువు ఖర్చు కాదు. ప్రవేశ రుసుము, హాస్టల్, మెస్, ల్యాప్‌టాప్, ఇంటికి వెళ్లిరావడానికి రైలు టికెట్టు అన్నీ ఖర్చులే.

మన దగ్గర ఇదే కథ ఫీజు రీయింబర్స్‌మెంట్ పేరుతో నడుస్తోంది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ పథకం వల్ల వేలాది దళిత కుటుంబాల్లో మొదటి ఇంజినీరు, మొదటి ఎంబీఏ పుట్టారన్నది కాదనలేని నిజం. కానీ బకాయిలు పేరుకుపోయిన ప్రతిసారీ ఆ భారం విద్యార్థి మెడకే చుట్టుకుంటోంది. ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదు కాబట్టి నువ్వు కట్టు, లేదంటే సర్టిఫికెట్లు ఇవ్వం అని కాలేజీలు అంటాయి. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం ఏకంగా మూతపడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు జీవో ప్రైవేటు కాలేజీల్లోని పీజీ విద్యార్థులకు ఈ సాయాన్ని ఆపేసింది. డిగ్రీ అయ్యాక పీజీ చదవాలనుకున్న పేద విద్యార్థి అక్కడితో ఆగిపోతే, దాన్ని ఎవరి ఇష్టం అనాలి?

పరిశోధనలో ఉన్నవారి పరిస్థితి ఇంకో రకం. ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్ కాగితం మీద నెలకు 37,000 రూపాయలు. అది నెలల తరబడి రాకపోవడం పరిశోధక విద్యార్థులందరికీ తెలిసిన సంగతే. నెట్ లేకుండా కేంద్రీయ వర్సిటీలో పీహెచ్‌డీ చేసేవారికి ఇచ్చేది నెలకు 8,000. పట్నంలో కూలికి వెళ్లినా అంతకంటే ఎక్కువే వస్తుంది. దానికి తోడు గైడ్ దొరకకపోవడం, దొరికిన గైడ్ చాప్టర్ చదవకుండా నెలలు తిప్పడం, సెమినార్‌లో ఇంగ్లిష్ మీద నవ్వులు, 'కోటాలో వచ్చావు కదా' అనే చూపు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల మీద వివక్షను పరిశీలించిన థోరాట్ కమిటీ 2007లోనే నివేదిక ఇచ్చింది. యూజీసీ 2012లో సమానత్వ నిబంధనలు తెచ్చింది. అవి అమలు కావడం లేదని రోహిత్ వేముల తల్లి రాధిక గారు, పాయల్ తాడ్వి తల్లి ఆబేదా గారు 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. ఇద్దరు తల్లులు బిడ్డల్ని పోగొట్టుకుని కోర్టు మెట్లెక్కితే తప్ప కదలని వ్యవస్థ, బయటికి నడిచివెళ్లిన వేలమందిని 'వ్యక్తిగత కారణం' అని రాసుకోవడంలో ఆశ్చర్యం లేదు.

2015లో రూర్కీ ఐఐటీ మొదటి సంవత్సరం విద్యార్థుల్లో 70 మందికి పైగా మార్కులు తక్కువ వచ్చాయని తీసేసింది. వారిలో అత్యధికులు రిజర్వేషన్ వర్గాల వారే. గొడవ పెద్దదయ్యాక మళ్లీ ఒక అవకాశం ఇచ్చింది. గొడవ చేయకపోతే వారి చదువు కూడా అక్కడితో ముగిసేది.

మానేసి గెలిచినవారి కథలు

కాలేజీ మానేసి కోటీశ్వరులైనవారి కథలు మోటివేషన్ ప్రసంగాల్లో తరచూ వింటుంటాం. బిల్ గేట్స్ 1975లో హార్వర్డ్ వదిలేశాడు, నిజమే. అతని తండ్రి సియాటెల్‌లో పేరున్న లాయర్. కంపెనీ నడవకపోయినా తిరిగి వెళ్లడానికి ఇల్లుంది, మళ్లీ చేర్చుకోవడానికి యూనివర్సిటీ ఉంది. ఆ ధైర్యానికి ఆస్తి అండగా ఉంది.

మన విద్యార్థికి హాస్టల్ గది అంటే చదువుకునే చోటు ఒక్కటే కాదు. నెత్తిన కప్పు, మూడు పూటలా తిండి, లైబ్రరీ, ఇంటర్నెట్, గ్రూప్స్‌కు చదివే స్నేహితులు అన్నీ అక్కడే. యూనివర్సిటీ వదలడమంటే ఒకే రోజు వీటన్నిటినీ వదలడం. ఊరికి వెళ్తే అమ్మానాన్న ఏమీ అనకపోయినా వీధిలో నలుగురూ అడుగుతారు, 'ఏంరా, పెద్ద చదువు అయిపోయిందా?' అని. సొంతంగా ఏదైనా పెట్టుకుందామంటే ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ 2016లో తెచ్చిన స్టాండప్ ఇండియా రుణం 10 లక్షల నుంచి మొదలయ్యేది. చదువు మధ్యలో ఆపి, చేతిలో వెయ్యి రూపాయలు లేనివాడికి బ్యాంకు మేనేజరు అంత రుణం ఇస్తాడా?

కాబట్టి మానేసి గెలిచినవారి కథ చెప్పేవారిని ఒకటే అడగాలి. ఓడిపోయి ఉంటే వారికి ఏం మిగిలేది?

లండన్ వదిలి వచ్చిన అంబేడ్కర్

మనకు కావలసిన ఉదాహరణ మన చరిత్రలోనే ఉంది. 1916లో అంబేడ్కర్ కొలంబియా నుంచి లండన్ వెళ్లి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో, న్యాయవిద్య కోసం గ్రేస్ ఇన్‌లో చేరారు. 1917లో బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ గడువు ముగిసింది. చదువు మధ్యలో ఆపి దేశానికి తిరిగి రావాల్సి వచ్చింది. ఇవాళ్టి ప్రభుత్వ లెక్కలో ఆయన కూడా 'వ్యక్తిగత కారణాలతో' మానేసిన విద్యార్థే.

తర్వాత ఏం జరిగిందో మనందరికీ తెలుసు. బరోడాలో ఉద్యోగానికి వెళ్తే ఉండటానికి గది దొరకలేదు. తలదాచుకున్న పార్సీ సత్రం నుంచి కూడా తరిమేశారు. బొంబాయి వచ్చి పెట్టుబడుల సలహా వ్యాపారం పెడితే, అంటరానివాడని తెలియగానే వచ్చేవాళ్లు ఆగిపోయారు. చదువులోనే కాదు, కొత్త దారిలో కూడా కులం ఎదురొచ్చింది. 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ ఉద్యోగం దొరికింది. జీతంలో మిగిల్చుకున్న డబ్బు, కొల్హాపూర్ షాహూ మహరాజ్ సాయం, స్నేహితుడు నావల్ భథేనా ఇచ్చిన అప్పు కలిపి 1920లో మళ్లీ లండన్ ఓడెక్కారు. 1921లో ఎం.ఎస్‌సీ., 1923లో డి.ఎస్‌సీ. పూర్తిచేశారు.

ఈ కథను మనం పట్టుదల గురించి చెప్పడానికి వాడుతుంటాం. అందులో మనం పట్టించుకోని విషయం ఒకటుంది. 1917లో లండన్ వదిలేటప్పుడే, నాలుగేళ్లలోపు తిరిగి వచ్చి చదువు కొనసాగించుకోవచ్చని ఆయన అనుమతి తీసుకున్నారు. ఆ అనుమతి లేకపోతే ఎంత పట్టుదల ఉన్నా, ఎంత డబ్బు కూడబెట్టినా, 1920లో ఆయన మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చేది. ఆయన చదువు వదిలారు, సీటును వదల్లేదు. పట్టుదల విద్యార్థి తెచ్చుకుంటాడు. సీటును నిలిపి ఉంచడం మాత్రం యూనివర్సిటీ చేయాల్సిన పని.

ఇవాళ్టి నిబంధనలు ఏమంటున్నాయి

2020 జాతీయ విద్యా విధానం పైకి ఇదే మాట చెబుతోంది. డిగ్రీలో ఏడాది చదివి ఆగితే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ. సంపాదించిన క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఉంటాయి. మూడేళ్లలోపు తిరిగి చేరవచ్చు, మొత్తం ఏడేళ్లలో పూర్తిచేయవచ్చు. వినడానికి బాగానే ఉంది. కానీ బయటికి వెళ్లడానికి తలుపులు చాలా పెట్టినవారు, తిరిగి వచ్చేవాడికి డబ్బు ఎవరు ఇస్తారో చెప్పలేదు. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మార్గదర్శకాల్లో ఏళ్లుగా ఒక నిబంధన ఉంది. విద్యా సంవత్సరం మధ్యలో చదువు ఆపేస్తే అందుకున్న సొమ్మును రాష్ట్ర ప్రభుత్వం తన విచక్షణ మేరకు వెనక్కి అడగవచ్చు. ఒక చేత్తో ఎప్పుడైనా వెళ్లొచ్చని చెప్పి, రెండో చేత్తో వెళ్తే డబ్బు కట్టమనే ఏర్పాటు ఇది. దీన్ని మార్చకుండా ఎన్ని తలుపులు పెట్టినా అవి పేదవాడికి ఒకవైపే తెరుచుకుంటాయి.

పరిశోధనలో ఉన్న ఒక్క మెట్టునూ తీసేశారు. ఇదివరకు పీహెచ్‌డీ దాకా వెళ్లలేనివారు ఎంఫిల్ పట్టాతో గౌరవంగా బయటికి వచ్చి లెక్చరర్ ఉద్యోగాలకు వెళ్లేవారు. 2022 యూజీసీ నిబంధనలతో ఎంఫిల్ రద్దయింది. ఇప్పుడు మూడేళ్లు పరిశోధన చేసి ఆగిపోతే చేతికి వచ్చే కాగితం ఏమీ లేదు.

ఒక నిబంధన మాత్రం మన పక్షాన ఉంది, దాన్ని వాడుకోవడమే తక్కువ. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లను ఏ ఉన్నత విద్యాసంస్థా తన దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. సరిచూసుకుని వెంటనే తిరిగి ఇచ్చేయాలి. ఫీజు బాకీ పేరుతో సర్టిఫికెట్లు పట్టుకోవడం దీనికి విరుద్ధం.

వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి

ముందుగా ఒక మాట. క్యాంపస్‌లో ఉండటం ప్రాణం మీదకు వస్తోందనిపిస్తే బయటికి రండి. ఏ డిగ్రీ కూడా మీ ప్రాణం కంటే పెద్దది కాదు. ఆ స్థితిలో ఒంటరిగా ఉండకండి. మీ వాళ్లతో మాట్లాడండి, టెలీ మానస్ నంబరు 14416కు ఏ సమయంలోనైనా ఫోన్ చేయండి. బతికి బయటికి రావడం పారిపోవడం కాదు.

మిగతావారు కొన్ని పనులు చేసి కదలండి. చెప్పకుండా వెళ్లిపోవద్దు. చెప్పకుండా వెళ్తే రికార్డులో 'గైర్హాజరు' అవుతుంది, తిరిగి రావడం కష్టమవుతుంది. అడ్మిషన్ రద్దుకు దరఖాస్తు పెట్టేముందు, ఏడాది విరామం తీసుకునే వీలుందా అని మీ విభాగంలో రాతపూర్వకంగా అడగండి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి. అంబేడ్కర్ చేసింది అదే. మార్కుల మెమోలు, టీసీ, కుల ధ్రువపత్రం చేతిలోకి వచ్చాకే గది ఖాళీ చేయండి. క్రెడిట్లు మీ ఖాతాలో ఎక్కాయో లేదో చూసుకోండి. కొత్తగా చేరినవారు తేదీలు గమనించండి. యూజీసీ నిబంధనల ప్రకారం ప్రవేశాల ఆఖరు తేదీ తర్వాత నెల దాటితే కట్టిన ఫీజు తిరిగి రాదు. దరఖాస్తులో 'వ్యక్తిగత కారణాలు' అని రాయమని క్లర్కు చెబుతాడు. ఫెలోషిప్ రాలేదంటే రాలేదనే రాయండి. గైడ్‌ను ఇవ్వలేదంటే ఇవ్వలేదనే రాయండి. వివక్ష ఉంటే ఉందనే రాసి, ఒక నకలు ఎస్సీ, ఎస్టీ సెల్‌కు ఇచ్చి, ముద్ర వేయించుకోండి. మంత్రి లోక్‌సభలో చదివే జవాబు, మీరు రాసే ఆ ఒక్క వాక్యం నుంచే తయారవుతుంది.

సంఘాలు చేయాల్సింది

విద్యార్థి సంఘాలు చనిపోయినవారి జయంతులు, వర్ధంతులు జరుపుతున్నాయి. జరపాలి కూడా. కానీ వెళ్లిపోయిన స్నేహితుడు ఇప్పుడు ఎక్కడున్నాడో ఎంతమందికి తెలుసు? ప్రతి క్యాంపస్‌లో సంఘాలు ఒక పుస్తకం పెట్టాలి. ఎవరు వెళ్లారు, ఏ సంవత్సరంలో, ఏ కారణంతో, ఇప్పుడు ఏం చేస్తున్నారు, తిరిగి రావాలనుకుంటున్నారా అన్నవి వారి అనుమతితో అందులో రాయాలి. పేర్లు బయటపెట్టకుండా లెక్క మాత్రం ఏటా ప్రకటించాలి. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. సీట్లను గ్రూపుల వారీగా పంచుతున్నప్పుడు, మానేసినవారి లెక్క కూడా గ్రూపుల వారీగానే ఉండాలి. ఏ కులం పిల్లలు ఎక్కువగా ఆగిపోతున్నారో తెలిస్తేనే ముందుగా ఎవరికి అండ కావాలో తెలుస్తుంది.

ప్రభుత్వాల ముందు పెట్టాల్సిన డిమాండ్లు పెద్దవేమీ కావు. చదువు ఆపినవారి నుంచి స్కాలర్‌షిప్ సొమ్ము వసూలు చేసే నిబంధన తీసేయాలి. విరామం తీసుకుని తిరిగి వచ్చిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థికి మిగిలిన కాలానికి ఫీజు, స్కాలర్‌షిప్, హాస్టల్ మళ్లీ ఇవ్వాలి. సర్టిఫికెట్లు పట్టుకున్న కాలేజీల మీద చర్య తీసుకోవాలి. మానేసిన ప్రతి విద్యార్థితో ఆ విభాగానికి సంబంధం లేని కమిటీ మాట్లాడి కారణం నమోదు చేయాలి. రాష్ట్ర వర్సిటీల లెక్కలు ఏటా అసెంబ్లీ ముందు పెట్టాలి.

ఇవి జరిగాక కూడా కొందరు చదువు మానేస్తారు. ఒకరు పోలీసవుతారు, ఒకరు షాపు పెడతారు, ఇంకొకరు పాట కడతారు, మరొకరు ఉద్యమంలోకి వస్తారు. వాళ్లది అప్పుడు నిజంగానే సొంత ఇష్టం అవుతుంది. అంతవరకు ఆ మాట వాడే హక్కు ప్రభుత్వానికి లేదు.